చుక్క తర్వాత

ఆదోనిలో మార్చి రాత్రి. కరెంటు పోయి గంటైంది.
ఇన్వర్టర్ మీద ఫ్యాను మూల్గుతా తిరుగుతాంది.
ల్యాప్‌టాప్‌లో పదకొండు రిక్వెస్టులు,
ఎవరెవరో కోడ్ రాసి పంపి
నా 'సరే' కోసం ఆగినవి.

పత్తి యార్డులో చిన్న వ్యాపారులు వాడే
తూకం చీటీల ప్రోగ్రాం మాది.
మాది అంటే ఎవరిదీ కాదు. ఊరుమ్మడి రోలు,
ఎవరైనా దంచుకోవచ్చు, కడిగేవాడుండడు.
ఆ కడిగేవాణ్ని నేను,
అదీ నెలకో, రెండు నెలలకో.

పాతవాటి నుంచి మొదలుపెట్టి
"ఇంకా చేస్తాండారా, వదిలేసినారా?" అని
ఒక్కొక్కరికీ రాస్తా పోయినా.
ఒకాయన బళ్లారిలో బట్టలషాపు పెట్టుకున్యాడంట, మూసేయమన్యాడు.
ఎమ్మిగనూరు సుంకులమ్మ
కన్నడ చీటీకి అక్షరాలన్నీ కుదిర్చి పంపి
"చూసినారా సార్", "చూసినారా", "సార్",
మూడు నెలల్లో మూడుసార్లు అడిగి ఊరుకుంది.
ఆమెకేం రాయాల్నో తెలీక దాటేసినా.

తర్వాత మద్దిలేటిది. పద్నాలుగు పంక్తులు.
"అన్నా, నలభై రెండున్నర తూగితే
చీటీలో నలభై రెండే పడతాంది.
చుక్క తర్వాతది మన ప్రోగ్రాం మింగుతాంది.
మా నాయనవి పన్నెండు బోరేలు,
లెక్క తేడా వస్తే చూసినా."
కింద నా జవాబు:
"బాగుంది తమ్ముడూ. రేపు చూస్తా."

రెండేండ్ల మూడు నెలల కిందటి రేపు.

నా చిన్నప్పుడు మా వీధిలో
తలుపుల మీద సుద్దముక్కతో రాసేటోళ్లు, రేపు రా అని.
దయ్యం పాపం చదువుకున్నది,
నమ్మి పోయేది.

లెక్క వేయబుద్ధి కాలా. వేసినా.
బోరేనికి అరకిలో, రెండు సీజన్లు, ఎన్ని కాటాలు...
వేళ్లు చాలక కాగితం తీసి
సగంలో మడిచేసినా.
దొంగతూకం వేసేటోణ్ని తిట్టిన నోరే ఇది.
నేనే రాయీ పెట్టలా.
చూడలా, అంతే.

"తమ్ముడూ, తప్పు నాది" అని కొట్టి, చెరిపి,
"ఈ మార్పు మీద ఇంకా ఉండావా?" అని కొట్టి, అదీ చెరిపి,
చివరికి రెండూ పంపినా.
ఒంటిగంట. రెండు. కరెంటొచ్చి మళ్లీ పోయింది.
జవాబు లేదు. యాడుండాడో.

అతని పంక్తుల చుట్టూ కోడంతా మారిపోయింది,
చెయ్యి పెట్టిన చోటల్లా పేచీ.
కంపలోంచి చీర విడిపించినట్టు
ఒక్కోటి విడిపించి కొత్తచోట పెట్టినా.
టెస్టు నేనే రాసినా: నలభై రెండున్నర ఇస్తే
నలభై రెండున్నరే రావాల.
వచ్చింది.
రాసినవాడి పేరు దగ్గర అతని పేరే ఉంచి
కలిపేసినా.

పొద్దున తిక్కయ్య కాటా కాడ
కొత్తది నేనే ఎక్కించి నిలబడినా.
మొదటి బోరెం. ముప్పై తొమ్మిది చుక్క ఐదు.
చీటీ అందుకున్న ముసలాయన
దాని దిక్కు చూడను కూడా చూడలా,
మడిచి తలగుడ్డలో దోపుకొని
టీకి పోయినాడు.

ఇంకా ఉండాయి.
సుంకులమ్మకు ఎట్ల మొదలుపెట్టాల్నో తెలీక
"అమ్మా" అని కొట్టి
చూస్తా కూర్చున్నా.