చింతపిక్కల లెక్క

పదో తరగతి, బి సెక్షను. సంభావ్యత పాఠం.
కిటికీలోంచి జీడిపిక్కలు కాల్చే పొగ.
పలాసలో మాకది గాలి కిందే లెక్క.

పాలపొడి డబ్బానిండా చింతపిక్కలు పట్టుకెళ్లాను.
తలా యాభై పంచాను.
బొమ్మా? బొరుసా?
మీరు చెప్పింది పడితే నేను ఏడిస్తాను,
తప్పితే మీ పది నాకు.
"అన్యాయం మేస్టారూ" అన్నాడు ముందుబెంచీ కూర్మనాథం.
అంటూనే పది పిక్కలు ముందుకి తోశాడు.

బెల్లు కొట్టేసరికి
ఇద్దరి జేబులు ఉబ్బాయి.
మిగతా జేబులు గలగల మానేశాయి.
క్లాసంతా ఆ ఇద్దరినే చూసింది,
నా బల్లమీది కుప్పని ఎవరూ చూడలేదు.

ఒక్కడు చూశాడు,
గోడవార కూర్చునే ఢిల్లేశు.
అందరూ వెళ్లాక దగ్గరికొచ్చి
"మేస్టారూ, ఆపీడం ఎలాగండి?" అన్నాడు.
ఆ ప్రశ్న అభ్యాసంలో లేదు.

వాళ్లమ్మ రూపవతి జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది.
జీడినూనె తిని తిని
వేళ్ల మీది గీతలు పోయాయి.
ఏ మిషనూ ఆమె వేలుని గుర్తుపట్టదు.
అందుకే ఫోనుకి నాలుగంకెలు పెట్టించుకుంది
కొడుకుచేతే, కొడుకు పుట్టిన సంవత్సరమే.

సంఘం అప్పు నలభై రెండు వేలు
పదమూడు రాత్రుల్లో అయిపోయింది.
మొదటి రాత్రి గెలిచాడు. పదకొండొందలు.
ఆ పదకొండొందలే మిగతా పన్నెండు రాత్రులూ
వాణ్ణి జబ్బ పట్టుకుని తీసుకెళ్లాయి.

నాకు తెలుసు.
ఒక ఫైనల్ మ్యాచికి స్టాఫ్‌రూములో నేనూ ఐదొందలు పెట్టాను.
గెలిచాను కూడా.
ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

మొదటిది ఎప్పుడూ ఊరికినే ఇస్తారు.
పట్టాల వెనక గోడౌను నీడలో
గవరయ్యకీ మొదటి పొట్లం ఊరికినే ఇచ్చారు.
నిరుడు కబడ్డీలో వాడి కూత
అవతలి గీత దాకా తెగేది కాదు.
ఇప్పుడు స్టేషను వంతెన మెట్లమీద
రెండుసార్లు కూర్చుంటాడు.
నన్ను చూసి నవ్వుతాడు,
నేనెవరో గుర్తుకొచ్చాక కాసేపటికి.

ఢిల్లేశుని తిట్టలేదు.
సుద్దముక్క ఇచ్చాను.
కిలోకి పద్నాలుగు రూపాయలు మీ అమ్మ కూలి.
నలభై రెండు వేలని భాగించు.
మూడు వేలు, అని రాసి
పక్కన కిలోలు అని రాయబోయి
కి దగ్గర ఆగిపోయాడు.

ఆ సాయంత్రం ముగ్గురం ఫ్యాక్టరీ గేటు దగ్గర.
వాడే చెప్పాడు. నేను నిలబడ్డానంతే.
రూపవతి కొట్టలేదు.
నల్లటి చేతులు చీరకి తుడుచుకుని, తుడుచుకుని
"ఓలమ్మ, మా గుంటడు రాత్రుల్లు సదువుకుంతన్నాడనుకున్నానండీ,
లైటు ఎలుగుతుంటే" అంది.
తర్వాత ఫోను అందుకుంది,
నాలుగంకెలు మార్చమని నాకిచ్చింది.
వాడు గోడవేపు తిరిగి నిలబడ్డాడు,
ఎవరూ తిరగమనకుండానే.

మర్నాటినుంచి ఒక ఒప్పందం.
ఆడని ప్రతి రాత్రికీ
పొద్దున్న నా బల్లమీద ఒక చింతపిక్క.
మందులూ మాటలూ కావాల్సొస్తే
ఆసుపత్రికి ముగ్గురం కలిసే వెళ్తాం.

పదకొండు రోజులు పిక్క పడింది.
పన్నెండో పొద్దున్న బల్ల ఖాళీ.
వాడు బడికే రాలేదు.
ఎవరి ఫోనో, ఎంతో, అడగలేదు నేను.
డబ్బా మాత్రం ఒంపలేదు.
పదకొండు పదకొండే.

పదమూడో రోజు
ప్రేయరు కాకముందే వచ్చాడు.
కళ్లు ఎర్రగా, చొక్కా బొత్తాలు తేడాగా.
గుప్పిట విప్పి పిక్క పెట్టాడు.
"మీరే చెప్పారు కదండీ మేస్టారూ,
నాణేనికి నిన్న ఏటి పడిందో గుర్తుండదని."

నేను చెప్పింది ఓడినవాడు
ఇంకోసారి వేస్తే గెలుస్తానన్న భ్రమ గురించి.
వాడు దాన్ని ఇలా తిప్పుకున్నాడు.

దిద్దలేదు.
డబ్బా మూత తీసి పట్టుకున్నాను.