రబ్బరు

చూళైలో, రెజీనా బ్యూటీ పార్లరు మీద
పదడుగుల గది నాది.
తెలుగు శుభలేఖలు, ఇంగ్లీషు విజిటింగు కార్డులు,
అరవంలో, తెలుగులో సంతాపాలు.

కంప్యూటరుకి పదమూడేళ్లు.
పెట్టె వేరు, తెర వేరు కాదు దీనికి.
ఉన్నదంతా మొహం వెనకాలే.
ఈమధ్య ‘లక్ష్మీ’ అని కొడితే
ల వచ్చి కూర్చుంటుంది.
క్ష కోసం నేను కిందికెళ్లి టీ తాగి రావాలి.
మ వత్తు దాని ఇష్టం.
లక్ష్మీకాంతమ్మగారి పెద్దకర్మ కార్డు
పెద్దకర్మ నాటి మధ్యాహ్నానికి పూర్తయింది.

రిచ్చీ స్ట్రీట్లో ఎళిలరసి
మోడల్ నంబరు చూసి నవ్వలేదు. అందుకే భయమేసింది.
“తూక్కి పోట్టుడుంగ అక్కా.”
పారేయొచ్చు.
కానీ నా పాత అక్షరాలు దీనికి మాత్రమే తెలుసు.
కొత్త మిషన్లో తెరిస్తే
కల్యాణం కాస్తా
ప్రశ్నార్థకాల వరస.

నిట్టూర్చి పొట్లం కట్టింది:
ఎనిమిదేసి జీబీల మెమరీ ముక్కలు రెండు, వాడినవే,
అప్పడమంత తేలికైన కొత్త డిస్కు ఒకటి,
“అద్దం పగిలితే నా దగ్గరికి రావద్దు” అనే మాట.

శనివారం రాత్రంతా గరగరమంటూ
పాత డిస్కు తనకి తెలిసిందంతా
కొత్తదానికి అప్పజెప్పింది.

ఆదివారం తీగ పీకేశాను.
రెజీనా హెయిర్ డ్రయ్యరు తెచ్చి
అంచు వెంబడి వేడిగాలి పట్టింది,
పెళ్లికూతురి తల ఆరబెట్టే ఓపికతో.
గడువు తీరిన బస్ పాసు దూర్చి
నేను జిగురు కోసుకుంటూ పోయాను.
పాసు మీది ఇరవై తొమ్మిదేళ్ల నా మొహం
అంగుళం అంగుళం లోపలికి వెళ్లింది.
టప్‌మంది ఎక్కడో.
ఇద్దరం ఊపిరి ఆపాం.
జిగురే.

అద్దం లేచింది.
లోపల దుమ్ముంటుందనుకున్నాను.
వెంట్రుకలు.
పార్లరు మెట్లెక్కి వచ్చినవి,
పౌడరు అంటుకుని, ఫ్యాను చుట్టూ
పిచ్చిక గూడంత.
“మా కస్టమర్లే” అంది రెజీనా.
సగంమంది నా కస్టమర్లు కూడా.
వాళ్ల పేర్ల పక్కన
చి.ల.సౌ. కొట్టింది నేనే.

డిస్కు కుదిరింది. గుండీ బ్యాటరీ మార్చాను.
మెమరీ ముక్కలు నొక్కాను, క్లిక్కుమన్నాయి.
స్విచ్చి వేస్తే మూడు కూతలు.
తీసి, మళ్లీ పెట్టి, పక్క గాడిలో పెట్టి, దణ్ణం పెట్టి —
మూడే కూతలు.
నాకు మెమరీ లేదు, లేదు, లేదు అని.

ఎళిలరసికి ఫోను చేస్తే
అన్నం నమిలే చప్పుడు. తర్వాత,
“రబ్బర్ ఇరుక్కా?”

రెజీనా కొడుకు స్కూలు సంచీలో దొరికింది,
ఒక పక్క కొరికేసి ఉంది.
బంగారు పళ్ల వరసని
మెల్లగా రుద్దాను. నల్లటి పొడి రాలింది.
పేజీల ప్రూఫుల మీద ఇన్నేళ్లూ
తప్పుని చెరపడానికే పట్టుకున్నాను రబ్బరు.
తుడిస్తే
జ్ఞాపకం రావడం
ఇదే చూడటం.

ఒక్క గంట మోగింది. తెర తెల్లబడింది.
మూలన తేదీ: జనవరి ఒకటి, రెండువేల ఒకటి.
“కాసేపు అలాగే ఉండనీ” అంది రెజీనా,
మంచినీళ్లు తాగుతూ, దానికేసి చూస్తూ.
ఎందుకని అడగలేదు.
ఆవిడ గ్లాసు కిందపెట్టాక సరిచేశాను.

ముందుగా కొట్టిన పేరు లక్ష్మీకాంతమ్మ.
క్ష, మ వత్తు, దీర్ఘం
కలిసి వచ్చి కూర్చున్నాయి,
నా ఆలస్యానికి ఏమీ అనుకోనట్టు.

అద్దం అతికే టేపు మంగళవారానికి గాని రాదట.
అందాకా నాలుగు మూలలా కాగితం టేపు.
తలుపు మీద చీటీ, రెండు భాషల్లో:
మెల్లగా వేయండి.