సున్నా గీత

టెముకోలో వాన మొదలై పదకొండో రోజు.
ఎదువినా వెంచుమిల్ డొక్కలోంచి రబ్బరు గొట్టం,
దాని కొసన స్టాండుకి కట్టిన గాజు నాళం.
సున్నా గీతని ఆమె పక్కటెముకల మట్టానికి
వంగి సరిచూసి
క్లిప్పు వదిలాను.

నీళ్లు దిగాయి. తటపటాయించాయి.
పన్నెండు దగ్గర ఆగి
ఆమె ఊపిరితో పాటు ఊగుతున్నాయి.

"ఇంకా రాళ్లున్నాయా అమ్మాయీ?"
తీసిన నాలుగూ కిటికీలో, సీసాలో,
మేక పెంటికల్లా.
"ఉంటే నీళ్లే చెబుతాయి. కదలకు."

కదలకుండానే చెప్పింది:
మొగుడు పోయిన ఏడు గోధుమలమ్మి
గుర్రాన్ని కొన్న సంగతి.
ఈ వయసులో అదేం పైత్యం, అన్నాను.
అది ఎవర్నీ ఎక్కనివ్వలేదట.
మర్నాడు పొద్దున్నే పాత యజమాని ఇంటికి
తనంతట తానే నడిచి వెళ్లిపోయిందట,
కొత్త జీనుతో సహా.

ఇరవై. ఇరవై ఆరు.
అంచు దాటి, పసరు కలిసిన నీళ్లు
నా మణికట్టు మీద.
కుట్లు రెండు చేతులా పట్టుకుని
ఆమె ఇంకా ఆపుకోలేకపోతోంది.

పన్నెండు, అని రాశాను.
పక్క గడిలో, రిమార్కుల కింద: గుర్రం.

పొద్దున డాక్టర్ సాల్దివియా
కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.
ఇంకో వారంలో గొట్టం తీసేద్దామన్నాడు.
ఆ మాట మాత్రం
కొట్టేయలేదు.