వీధికన్నా ఎత్తున

ఏడు మెట్లెక్కాలి.
తోళ్ళ సందులోంచి వచ్చేవాళ్ళు
ఇదేదో గుట్ట మీది తోట అనుకుంటారు.
గుట్ట కాదు.
లండన్ ఈ వైపంతా బల్లపరుపు, ఏటి ఒండ్రు.
ఎత్తంతా మనుషులే.

మూడువందల ఏళ్ళు
ఒకరి మీద ఒకర్ని సర్దారు,
చలికాలానికి కట్టెలు పేర్చుకున్నట్టు.
ఆఖరికి ఆరడుగుల నేల చాలంటారు గదా,
ఆ ఆరడుగులూ ఇక్కడ నిలువునా లేచాయి.
చర్చి కిటికీలు నడుముదాకా మట్టిలోకి దిగితే
పాదిరీ, పునాది కుంగిందని పైకి ఉత్తరం రాశాడట.
కుంగలేదయ్యా,
చుట్టూ ఊరే పెరిగింది.

గోతులు తవ్విన ఒబడయా త్రప్ లెక్కల పుస్తకం మిగిలింది.
నేనూ లెక్కలు రాసేవాణ్ణే, ఎదురు మేడలో,
అందుకేనేమో ఆ చేతిరాత నాకు తొందరగా పట్టుబడింది.
పెద్ద గొయ్యి, రెండు షిల్లింగులు.
పసిగొయ్యి, ఎనిమిది పెన్నీలు.
ఏట్లో దొరికిన ఆడమనిషి, పేరు తెలీదు, ఖర్చు చర్చిది.
తోళ్ళు ఊనే క్రౌచ్, చేతులింకా గోధుమరంగే.
ఒక్క వరసలో మాత్రం డబ్బు గడి ఖాళీ:
నా హెస్టర్. గొయ్యి నేనే తవ్వాను.
అంతకుముందు పేజీలో గోతులూ అతనే తవ్వాడు,
తర్వాతి పేజీలోవీ.
ఇక్కడొక్కచోటే ఎందుకు రాసుకున్నాడో
ఆడిట్‌లో అడగదగ్గ ప్రశ్న కాదు.

కలరా వేసవిలో అతని మునిమనవడు
పేర్లు రాయడం మానేశాడు.
గీతలు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
ఆగస్టులో అడ్డగీతకీ ఓపిక లేదు.
ఆ తర్వాత సర్కారు గేటుకి తాళం వేసింది,
చచ్చినవాళ్ళకి హౌస్‌ఫుల్ బోర్డు.

అయినా కదిలించకుండా ఉండలేదు.
రైలు వంతెనకి ఈశాన్యపు మూల కావలసివచ్చింది.
రాత్రిపూట పదకొండు బళ్ళు, పైన గోనెపట్టాలు.
ఏ ఎముక ఎవరిదని బండివాళ్ళు అడగలేదు,
అడిగితే చెప్పేవాళ్ళూ లేరు.
రాళ్ళని మాత్రం పీకి గోడకి ఆనించారు,
ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి,
రేషను క్యూలో విసిగి వీపు వాల్చినవాళ్ళలా.

బాంబు పడ్డ రాత్రి
దేవుడి ఇల్లు పోయింది,
పెరట్లో పడుకున్నవాళ్ళు పక్క మీదే ఉన్నారు.
గంట కరిగి మెట్ల మీదికి పారి
నాలుగో మెట్టు దగ్గర గడ్డకట్టింది.
చూసుకోకపోతే
కాలికి తగులుతుంది.

ఇప్పుడు గేటు తాళంచెవి మార్వా లాష్లీది.
తల్లి బార్బడోస్ నుంచి నర్సు పనికొచ్చింది,
ఆ తల్లి పడుకున్నది వేరే శ్మశానంలో, రెండు బస్సులు మారాలి.
ఇక్కడ నీవాళ్ళెవరూ లేరు గదా అంటే
"తాళం తీసేది నేనేగా" అంటుంది.
ఒంటిగంటకి ఆఫీసు పిల్లలొస్తారు,
ఓడ కెప్టెన్ రాతిసమాధి మీద డబ్బాలు విప్పుతారు.
ఒకమ్మాయి ముందు రుమాలు పరిచింది,
కెప్టెన్ మీద నూనె పడకూడదనో,
గౌను మీద నాచు అంటకూడదనో.

ఎండ నడినెత్తిన ఉంటే
ఏ రాయీ నోరు విప్పదు, అన్నీ బోడివే.
వెలుగు పక్కనుంచి రావాలి.
మార్వా తన బాత్రూం అద్దం సంచీలో తెచ్చి
నాలుగింటి ఎండని రాయి మీదికి వంచుతుంది,
అక్షరాల అంచులకి నీడ పుడుతుంది.

నిన్న ఆ అద్దం నేను పట్టుకున్నాను.
గోడవార అన్నిటికన్నా పొట్టి రాయి.
ఆమె మోకాళ్ళ మీద కూచుని వేలితో చదివింది.
సూసన్.
తర్వాత పెచ్చు ఊడింది.
తర్వాత, నెలలు.
ఎన్ని నెలలో ఆ పెచ్చుతోనే పోయింది.
ఇంకాస్త ఎడమకి, అంది.
తిప్పాను.
మబ్బు కమ్మి అద్దం చేతుల్లోనే బూడిదరంగైంది,
వంతెన మీద ఆరింటి రైలు తొందరగా వచ్చినట్టు మోత.
"దించకు, పోతుంది" అంది మార్వా.
మబ్బు గురించే అంది.