రిమోటు

రాత్రి రెండు నలభై.
అనంతపురం పెద్దాస్పత్రి వెనక, మా సెంటరు తలుపు.
ఉరవకొండ నుంచి ఉల్లిగడ్డల లారీలో వచ్చినారు.
రిజిస్టర్లో రాసుకుంటి: వన్నూరమ్మ, ఇరవై ఏడు.
ఎడమ చెవిలో రక్తం. కొడుకు ఒకడు, ఏడేండ్లు.
"తెచ్చుకున్న సామాను" గడి దగ్గర
పెన్ను ఆగింది.

ఆమె చేతిలో ఏమీ లేదు, పట్టుకున్న కొంగు తప్ప.
ఆధార్ కార్డు ఆ ఇంట్లోనే, బియ్యం డబ్బాలో.
పిల్లోని గుప్పిట్లో మాత్రం
రబ్బరు బ్యాండు చుట్టిన టీవీ రిమోటు.

"ఇదెందుకురా సామీ?"
"నాయన అమ్మను కొట్టేముందు
సౌండు పెంచుతాడు.
ఇంగ పెంచేకి కాదు."

నాలుగేండ్ల నైట్ డ్యూటీలో
పక్కిండ్లకు ఏడుపు ఎందుకు వినపడదో
ఇంత సులభంగా నాకెవురూ చెప్పలేదు.

డాక్టరమ్మ వచ్చేలోపల ఉప్మా వేడి చేస్తి.
వాడు తినలేదు.
మంచమ్మీద మోకాళ్లు ముడుచుకోని కూచున్యాడు.
వన్నూరమ్మ నిద్దరలో కూడా
వాని చొక్కా కొస వదల్లేదు.
గుంతకల్లు గూడ్సు కూత పెడితే
కిటికీ వైపు రిమోటు చూపి నొక్కినాడు.
కూత సన్నబడింది, పోయింది.
నా వైపు చూసినాడు.
నేను కాదనలేదు.

తెల్లారి ఆ గడి నింపితి:
రిమోటు ఒకటి.
బ్యాటరీలు లేవు.