మూసిన పానెల్

బొగ్గుకు ఎవ్వరూ అగ్గి పెట్టరు.
గాలి తగిలితే చాలు, దానంతటదే వేడెక్కుతది.
మొదలు గోడలకు చెమట,
ఎనక కిరసనాయిలు వాసన,
పొగ ఆఖరుకు.
ఇరవై రెండేండ్ల సంది బాయిల దిగుతున్నోన్ని,
ఆ వాసన నాకు తెల్వదా?
నాలోపటిదే పట్టుకోలేకపోయిన.

ఓదేలూ నేనూ ఒక్కనాడే గోదారిల మునిగినం,
ఒక్క తువ్వాలతోనే తలలు తుడుచుకున్నం.
ఒకటే రిలే, ఒకటే లాంపురూము కిటికీ.
గా రోజు దిమ్మె నిలబెట్టకుండనే
నిలబెట్టిన అన్నడు.
కప్పు కూలింది, నా తమ్ముడు సీమోను కాలు మీద.
ఎంక్వయిరీల నా దిక్కు చూడకుండ
"వాడే తీసిండు సార్, దిమ్మె" అన్నడు.
నాలుగే మాటలు.

సంఘంల అందరు అడిగిన్రు.
"క్షమించిన" అన్న.
ప్రార్థన చేసిన్రు. చాయ్ తాగినం.
ఇటుకలు పేర్చి, ఇసుక బస్తాలేసి,
సందు లేకుండ మెత్తి
అగ్గి పట్టిన పానెల్‌ను మూసినట్టే మూసిన.
గోడ మీద తేదీ సుత రాసిన.

మూసిన గోడ ఇవతల చల్లగనే ఉంటది.
ఓవర్‌మన్ వారం వారం వచ్చి
పైపుల నుంచి గాలి తీసి చూస్తడు.
నన్నెవరు చూస్తరు?
ఆదివారం ద్రాక్షరసం గిన్నె నా దాంక వస్తే
పక్కోనికి అందిచ్చేటోన్ని.
షుగరున్నదని చెప్పేటోన్ని.

మొన్న ఎండకాలం, నైట్ షిఫ్ట్ దిగొచ్చిన.
చిన్నబిడ్డ ఎస్తేరు టిఫిన్ డబ్బా కడుగుతు కడుగుతు
కింద పడేసింది.
గచ్చు మీద ఒక్క చప్పుడు.
నా చెయ్యి ఎప్పుడు లేసిందో నాకే ఎరుక లేదు,
బిడ్డ చెంప మీద నాలుగు వేళ్ళు.
"నాయినా, సొట్ట పోలే సూడు" అని
డబ్బా తిప్పి చూపిచ్చింది, ఏడ్వకుండ.

అప్పుడొచ్చింది కిరసనాయిలు వాసన.
మా ఇంట్ల స్టవ్ లేదు. గ్యాసే.

ఆదివారం గిన్నె రాకముందే లేసిన.
రెండు వరుసలు దాటి
ఓదేలు ముంగట నిలవడ్డ.
"అబద్ధం చెప్పినవ్" అన్న.
పాట ఆగింది. కంజిర ఆగింది.
"మావోని కాలు పాయె. నువ్వు అబద్ధం చెప్పినవ్."
మూడేండ్లు గోడెనక ఉన్నదంత బయటికొచ్చింది,
గలీజుగ, గొంతు పగిలి.
మందిరంల గిట్ల అరుస్తరా అని ఎవరో రెక్క పట్టిన్రు.
"ఇడువుండ్రి, చెప్పనియ్యిండ్రి" అన్నది
పాస్టరమ్మ కరుణమ్మ.
ఓదేలు తల దించలే.
"చెప్పిన" అన్నడు. "నౌకరి పోతదని చెప్పిన."

కౌగిలించుకున్నమా అంటే, లేదు.
ఇంకొక అబద్ధమెందుకు.
బయట మునగచెట్టు కింద కూసున్నం,
బీడీలు మానేసిన ఇద్దరం,
చేతులేం చెయ్యాల్నో తెల్వక.
సీమోను ఇంటికి రేపు పోదామన్నడు.
ఆఫీసుల సుత నిజం చెప్తనన్నడు.
చూడాలె.

ప్రభువా,
బొగ్గు తీసిన జాగ ఉత్తగ ఇడిస్తే కప్పు కూలుతది.
అందుకే గోదారి ఇసుక, గోదారి నీళ్ళు కలిపి
గొట్టాలల్ల కిందికి పంపుతరు.
నీళ్ళు ఊరి పోతయి, ఇసుక నిలుస్తది.
మేమిద్దరం మునిగిన రేవు నీకు యాదుండే ఉంటది,
అక్కడ్నుంచే పంపు.
గోడలు కట్టుడు నాకొచ్చు, అది అడుగుతలేను.
లోపట ఖాళీ శాన ఉన్నది,
ఒక్క షిఫ్టుల నిండేది కాదు.

వేడి ఇంకా ఉన్నది. చెయ్యి పెడితే తెలుస్తది.

తెల్లారుజామున సైరన్ కూసింది.
ఎస్తేరు డబ్బా తెచ్చి ఇచ్చింది,
రెండు చేతులతోని గట్టిగ పట్టుకొని,
మూత సుత చప్పుడు కాకుండ.

గా నిశ్శబ్దం నేను చేసిందే.
మోకాళ్ళ మీద కూసున్న, బిడ్డంత ఎత్తుకు.
"తప్పు నాదే బిడ్డా" అన్న.
"పడితే పడనియ్యి."