అంతస్తుకి ఐదు నిమిషాలు

హోస్కోట దిక్కు నుంచి వస్తాడు.
ముందు ఎర్రగా, ఇటుకబట్టీ సందులోంచి చూసినట్టు,
తరువాత పసుపు,
తరువాత ఈ బెంగళూరు దుమ్మంతా దులుపుకొని తెలుపు.

నేను క్రేన్ క్యాబిన్లో ఉంటా,
ఇరవై రెండో అంతస్తుకి పైన,
కాళ్ళ కింద కూడా గాజే.
నేల మీది బసవలింగ వాకీటాకీలో అడుగుతాడు: "బంద్నా?"
"బంద" అంటా.
అతనికి కనపడాలంటే ఇంకో అరగంట.
ఈ సైటులో పున్నమి కబురు మొదట నా నోటి నుంచే.

ఈ పొద్దు ఒక్కడే రాలేదు.
కాసేపటికి బెత్తెడు దిగువన
మిణుక్కుమనని చుక్క ఒకటి.
విమానమనుకున్నా,
దేవనహళ్ళికి దిగేవి అట్లానే నిలబడినట్టు వస్తాయి.
పది నిమిషాలు చూసినా. దిగలేదు.

టీ టైముకి స్లాబు మీదికి దిగితే
సర్వే చేసే నఫీసా, గుంతకల్లు పిల్ల,
మూలన పడున్న పాత థియోడలైట్ తెచ్చి
మూడుకాళ్ళ మీద బిగించింది.
"గురుడన్నా. ఊపిరి బిగబట్టి చూడు."
శనగబద్దంత వెలుగు.
దాని పక్కన వరసగా నాలుగు నలుసులు.
"దీంట్లో అన్నీ తలకిందులు" అన్నది.
గురుడికి తల ఎటో ఎవురికి తెలుసు?

ఈయనకే గదా మా యమ్మ కదిరిలో
రెండు సేర్ల శనగలు, పసుపుబట్ట దానమిచ్చింది,
ముప్పై నాలుగొచ్చినా పెళ్ళి కాలేదని,
నాకు గురుబలం లేదని.
అయ్యవారు వేలు పెట్టి చూపించింది పంచాంగంలో,
ఆకాశంలో కాదు.
నలుగురు పిల్లల్ని చుట్టూ తిప్పుకుంటా
తన సంసారం తాను చేసుకుంటున్నాడు.
నా మీద కోపమున్న మొగం కాదది.

"ఈ వెలుతురు ముప్పై ఐదు నిమిషాల కింద బయలుదేరింది" అన్నది.
అప్పుడు నేను కమ్మీల కట్ట ఎత్తుతున్నా.

కట్ట ఎత్తేటప్పుడు ఒకాయన కనిపిస్తాడు,
రోడ్డుకి అవతల పాత లేఅవుట్లో,
నీళ్ళట్యాంకు పక్కన, స్టూలేసుకొని, మఫ్లర్ చుట్టుకొని.
పున్నమికి పున్నమికి తూర్పు చూస్తాడు,
గడియారం చూస్తాడు,
నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటాడు.
ఆయనకి తూర్పంటే మేమే.

నఫీసాని అడిగినా.
దూరం, ఎత్తు, డిగ్రీలు, అరచేతిలో పెన్నుతో లెక్కేసింది.
"అంతస్తుకి ఐదు నిమిషాలన్నా."

ఈ నెల మూడు స్లాబులు పోసినాం.
పదిహేను నిమిషాలు,
కొక్కేనికి తగిలించి నేనే ఎత్తినా.
ఇంకా పన్నెండు అంతస్తులున్నాయి.

తొమ్మిదికి దగ్గర్లో
స్తంభాల కమ్మీల మధ్య తెలుపు చేరింది.
లోడు గాల్లో ఉంది, సరిగ్గా ఆయనకి అడ్డంగా.
చేయి ఉత్తరానికి తిప్పి ఆపినా.
"ఓబులేసూ, నిద్రపోయినావా?" బసవలింగ అరుస్తున్నాడు.
పెద్దాయన తలెత్తినాడు. గడియారం. పెన్ను.

ఏం రాసినాడో.
ఆలస్యానికి కారణమని ఒక గడి ఉంటే
నా పేరు రాసుకోవచ్చు, క్రేన్ నంబరు రెండు.

ఇంకాసేపు కూచో సామీ.
గోడ వెనకాల ఇంకొకాయన ఉన్నాడు,
పిల్లలతో వస్తున్నాడు.